ముసలి ఇంజన్‌కు చిక్కటి ఆయిల్

మా ఆయనకు చూపు తగ్గిందని నాకు ముందుగా చెప్పింది డాక్టరు కాదు, మా కారు.

ఆ రోజు పొద్దున నేను షిఫ్టుకు బయలుదేరుతున్నాను. ఆయన రోజూ చేసే పనే చేస్తున్నాడు. కారు ముందు బానెట్ ఎత్తి, ఇంజన్‌లో ఆయిల్ ఎంత ఉందో చూసే సన్నటి ఇనుప పుల్ల బయటికి లాగి, పాత బనీను గుడ్డతో తుడిచి, మళ్లీ లోపలికి దించి తీశాడు. ఆ పుల్ల కొసన రెండు గీతలుంటాయి. ఆయిల్ ఆ రెండింటి మధ్య ఉండాలి.

"మీది గీత దాంక ఉన్నది," అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు.

నేను చెప్పులేసుకుంటూ అటు చూశాను. కింది గీతకు కూడా అంటలేదు. పుల్ల కొస మాత్రం కొంచెం నల్లబడి ఉంది.

"మీది గీత ఏడిది? కింది గీత కూడా ముట్టలే గద," అన్నాను.

ఆయన పుల్లను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. ఎండకు తిప్పాడు. మళ్లీ తుడిచి, దించి, ఈసారి నా చేతికిచ్చాడు. "నువ్వే జూడు," అన్నాడు. చూసి చెప్పాను. లోపలికి పోయి డబ్బా తెచ్చి ఆయిల్ పోశాడు. గరాటు పక్కన కొంచెం ఒలికింది. ఆయన పోస్తుంటే ఒలకడం నేను అంతకు ముందు ఎన్నడూ చూడలేదు.

మేము జడ్చర్లలో ఉంటాం. నేను మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తాను. ఆయన డ్రైవరు. పెళ్లయినప్పటి నుంచి పరాయి బండ్లే నడిపాడు. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది నందికొండలో డ్యాము ఆఫీసరు సార్లు తిరిగి తిరిగి వదిలేసిన అంబాసిడర్ కారు వేలంలో వస్తుందని ఎవరో చెబితే పోయి తెచ్చుకున్నాడు. డీజిల్ బండి. ఒకప్పుడు తెల్లగా ఉండేదట, మా ఇంటి ముందుకు వచ్చేసరికి మజ్జిగ రంగులో ఉంది. దేవరకొండ, కల్వకుర్తి మీదుగా ఆపుకుంటూ, చల్లారబెట్టుకుంటూ తెచ్చాడు. దిగగానే నాతో అన్న మొదటి మాట: "ఆయిల్ తాగుతాంది. అయినా ఫికర్ లేదు."

మెకానిక్ మాత్రం ఫికర్ ఉందనే చెప్పాడు. లోపల అరిగిపోయిందనీ, ఇంజన్ మొత్తం విప్పి అరిగిన సిలిండర్లకు బోరు కొట్టిస్తే తప్ప బాగుపడదనీ అన్నాడు. అది మా వల్ల అయ్యే పని కాదు. ఇక మిగిలింది ఒకటే, ఏ ఆయిల్ పోస్తే ఆ ఇంజన్ కొంతకాలం నిలబడుతుందో కనుక్కోవడం. ఆ వెతుకులాటలోనే మాకు ఏండ్లు గడిచాయి.

డబ్బా మీద రెండు అంకెలుంటాయి. మొదటిది ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత పల్చగా పారుతుందో చెబుతుంది. రెండోది బాగా వేడెక్కినప్పుడు ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. కొత్త బండ్లకు పల్చటిది కావాలి. అరిగిన ఇంజన్‌లో సందులు పెద్దవవుతాయి, పల్చటిది ఆ సందుల్లోంచి జారిపోతుంది, పొగై పోతుంది. అందుకని మా ఆయన చిక్కటిదే పోసేవాడు. చలికాలం పొద్దున బండి లేవడానికి మొరాయించేది. కానీ ఎండాకాలం మహబూబ్‌నగర్ పోయి వచ్చినా, బస్టాండు దగ్గర ఆగినప్పుడు ఎర్ర లైటు వెలిగేది కాదు. ఆయిల్ బలం తగ్గితే ఆ లైటు వెలుగుతుంది. మా ఇంట్లో దేవుడి దీపం కంటే ఎక్కువగా చూసింది ఆ లైటునే. అది వెలగకూడదని మొక్కుకోవడం ఒక్కటే తేడా.

ఆయిల్ కొనడానికి పోతే దుకాణం సేటుకు విసుగు పుట్టించేవాడు. సీలు గోటితో గీకి చూసేవాడు. మూత కింద రింగు తెగి ఉందేమో చూసేవాడు. డబ్బాను చెవి దగ్గర పెట్టి ఊపేవాడు. ఖాళీ అయిన డబ్బాలను అట్లాగే పారేసేవాడు కాదు, మేకుతో అడుగున పొడిచి బొక్క పెట్టేవాడు. "మంచి డబ్బా దొరికితే అండ్ల మురికి నూనె నింపి అమ్ముతరు. మనం పారేసిన దాంట్లనే మనకు అమ్ముతరు," అనేవాడు. మా గోడవారన అట్లా బొక్కలు పడ్డ డబ్బాలు వరుసగా ఉండేవి. వాటిలో మొక్కలు పెడదామని తీసుకున్నాను. నీళ్లు దిగడానికి అవి బాగా పనికొచ్చాయి.

ఇంజన్‌లోంచి తీసిన చుక్కను ఆయన మూడు రకాలుగా చూసేవాడు. ముందు రంగు. డీజిల్ బండిలో ఆయిల్ తొందరగానే నల్లబడుతుంది, దానికి భయపడొద్దనేవాడు. చాయ్ రంగుకు తిరిగితే మాత్రం నీళ్లు కలిసినట్టు. తర్వాత వాసన. డీజిల్ వాసన గుప్పుమంటే పలచబడిపోయినట్టు. చివరకు బొటనవేలు, చూపుడు వేలు మధ్య రాసి, వేళ్లు మెల్లగా విడదీసి తీగ సాగుతుందా, గరుకుగా ఏమైనా తగులుతుందా చూసేవాడు. కళ్లు మూసుకుని చేసేవాడు ఆ పని. "ఇనుప పొడి వచ్చిందంటే లోపల తినుకుంటున్నట్టు. అప్పుడు ఏ ఆయిల్ పోసినా దండగే," అనేవాడు.

బండి బాగానే నడిచింది ఆ మొదటి ఏండ్లలో. గొర్రెలు కాసే వాళ్లు, చిన్న చిన్న సేద్యాల వాళ్లు కిరాయికి పిలిచేవారు. దవాఖానకో, పెళ్లి చూపులకో. డ్యాము నిండి గేట్లు ఎత్తారని తెలిస్తే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నందికొండ పోవడానికి ముందుగానే చెప్పి పెట్టుకునేవారు. "సార్లు తిరిగిన కారుల పోతున్నం," అని నవ్వుకుంటూ ఎక్కేవారు. ఒకసారి నన్నూ తీసుకుపోయాడు. నీళ్ల తుంపర రోడ్డు దాకా వస్తుంటే అద్దం దించి, "గీ బండికి గీ జాగ ఎర్కే," అన్నాడు. నాకు గుర్తున్నంతలో ఆయన సంతోషంగా కనిపించిన చివరి రోజులు అవే.

చక్కెర జబ్బు ఎప్పుడు మొదలైందో మాకు తెలియదు. తెలిసేటప్పటికే ముదిరింది. పుల్ల సంగతి బయటపడ్డాక నేనే బలవంతంగా కంటి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ మెల్లగా, విడమర్చి చెప్పింది. కంటి వెనుక నరాలు చెడిపోయాయి, అద్దాలతో వచ్చేది కాదు, పోయిన చూపు రాదు, ఉన్నది ఎంతకాలం ఉంటే అంత. హైదరాబాద్ పంపారు. అక్కడ కంట్లో సూదులు వేశారు. అక్కడా అదే మాట. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన అడిగింది ఒక్కటే.

"బండి నడపొద్దని అన్నదా ఆమె?"

"అన్నది."

"ఎప్పటి నుంచని అన్నదా?"

నేను జవాబు చెప్పలేదు. ఆయన దాన్నే అనుమతి అనుకున్నాడు.

అప్పటినుంచి పొద్దున ఆయిల్ చూడడం నా పని అయింది. నేను పుల్ల తీసి ఎంత ఉందో, ఏ రంగులో ఉందో చెప్పేదాన్ని. తర్వాత ఆయన వేలి మీద ఒక చుక్క వేసేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని రాసి చూసి తీర్పు చెప్పేవాడు. "ఇంకో వారం నడుస్తది." "మార్చాలె ఇగ." ఆ తర్వాత పగటి పూట, తెలిసిన రోడ్ల మీద, తెలిసిన వాళ్లను ఎక్కించుకుని పోయేవాడు. నేను కంపెనీలో మాత్రల అట్టలు డబ్బాల్లో పెడుతూ, సూపర్‌వైజర్ ఎప్పుడు పిలిచినా చేతిలోది వదిలి లేచేదాన్ని. ఫోను వచ్చిందేమోనని.

ఆ ఫోను రానే వచ్చింది. కల్వకుర్తి రోడ్డు మీద, సాయంత్రం ఎండ ఎదురుగా కొడుతున్న వేళ, గొర్రెల మందలోకి కారు దూరింది. నేను ఆటోలో పోయేసరికి రోడ్డు పక్కన రెండు గొర్రెలు చచ్చి పడి ఉన్నాయి. మూడోది నడుము విరిగి ముందు కాళ్లతో పాకుతూ అరుస్తోంది. గొర్రెల ఆయన మా ఆయన కంటే పెద్దవాడు. దాన్ని ఒళ్లోకి తీసుకుని కూచున్నాడు.

"గింత మంద గనవడలేదా పటేలా? రోడ్డు మీద మనిషిని నేనున్న. చెయ్యి ఊపిన. నీకు కండ్లు గనవడ్తలేవా?" అని అడుగుతున్నాడు. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడుగుతున్నాడు.

మా ఆయన కారుకు ఆనుకుని నిలబడి, "బిరేకు వడలే కాకా. పాత బండి. బిరేకు పోయింది," అన్నాడు.

బ్రేకులు బాగానే ఉన్నాయి. మందను దాటగానే రోడ్డు మీద టైర్ల గీతలు పడేలా ఆగిన కారును చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఆయన ఆ కారును ఎన్నడూ ఒక్క మాట అననిచ్చేవాడు కాదు. నేను ఎప్పుడైనా 'డబ్బా' అంటే ముఖం ముడుచుకునేవాడు. ఆ రోజు అందరి ముందు తప్పు దాని మీద వేశాడు. ఆ ముసలాయన ఒళ్లో గొర్రె అరుపు ఆగిపోయాక తలపాగా విప్పి దాని మీద కప్పాడు.

కారును ఇంటికి వేరేవాళ్లు నడిపి తెచ్చారు. మా ఆయన మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. పట్టనని ఒట్టేమీ పెట్టుకోలేదు. పొద్దున లేచి తాళం చెవి నా చేతిలో పెట్టాడు, అంతే.

బండిని ఊరికే నిలబెడితే పాడవుతుందని, మా గల్లీ చివరన ఉండే ఒక డ్రైవరును మాట్లాడాం. నడి వయసు మనిషి. పని లేక ఉన్నాడు. మంచివాడే, కానీ బండి పోతుంటే చాలు, దాని లోపల ఏమవుతుందో పట్టించుకునే రకం కాదు. మా ఆయన ఇంట్లో ఉండలేక పక్క సీట్లో కూచుని తానూ పోయేవాడు. కిరాయికి పిలిచినవాళ్లు, "గీయన ఎవలు?" అంటే డ్రైవరు, "ఓనరు," అనేవాడు. అది మర్యాదగానే అనేవాడు. మా ఆయనకు మాత్రం ఆ మాట నచ్చేది కాదు. "డ్రైవర్ననే చెప్పు," అనేవాడట.

పొద్దున ఆయిల్ చూడడం మాత్రం మా ఇద్దరి మధ్యే సాగింది. ఒక రోజు నేను పుల్ల తీశాను. ఆయన చెయ్యి చాపి ఉన్నాడు. అప్పుడే గేటు దగ్గర పాలామె పిలిచింది. నేను తల తిప్పి, "వస్తున్న," అన్నాను. ఇటు తిరిగేసరికి ఆయన కళ్లు మూసుకుని బొటనవేలు, చూపుడు వేలు రాస్తున్నాడు.

"మంచిగనే ఉన్నది. జిగట ఉన్నది. ఇంకో పది దినాలు చూడొచ్చు," అన్నాడు.

పుల్ల నా చేతిలోనే ఉంది. చుక్క ఇంకా పుల్ల కొసనే వేలాడుతోంది.

ఒక్క క్షణం నాకు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒక్కసారిగా అర్థమైంది. పోయిన నెల వేడి గిన్నె పట్టుకుని బొబ్బలెక్కే దాకా వదలకపోవడం, చొక్కా గుండీలు పెట్టుకోలేక నన్ను పిలవడం, చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియకుండా నడవడం. నేను వాటిని కళ్ల ఖాతాలోనే వేశాను. చక్కెర జబ్బుకు కళ్లే కాదు, వేళ్ల స్పర్శ కూడా పోయింది.

"ఇంకా ఏయలే," అన్నాను.

"ఏంది?"

"చుక్క. ఇంకా ఏయలే నీ చేతిల."

ఆయన రాయడం ఆపేశాడు. వేళ్లు అట్లాగే దగ్గరగా ఉన్నాయి. తర్వాత చేతిని లుంగీకి తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి అక్కడ ఏమీ లేదు.

"ఎన్ని రోజులాయె గిట్ల?" అని అడిగాను.

"ఎర్క లేదు," అన్నాడు. "నువ్వు రంగు చెప్తున్నవు గదా. నేను దాన్ని బట్టి చెప్తున్న."

అంటే అన్ని నెలలుగా నేను ఆయన వేళ్లను నమ్ముతున్నాను, ఆయన నా కళ్లను నమ్ముతున్నాడు. ఇంజన్ లోపల ఏముందో ఇద్దరిలో ఒక్కరికీ తెలియదు. మరుసటి రోజు నుంచి ఆయన చెయ్యి చాపలేదు. నేను పుల్ల చూసి, తక్కువైతే పోయమని డ్రైవరుకు చెప్పి పోయేదాన్ని. నాకు రెండు షిఫ్టులు పడిన వారాల్లో అదీ కుదరలేదు. డ్రైవరు చూశానంటే చూశాడనుకున్నాం. ఆయిల్ కూడా అతనే తెచ్చేవాడు. ఒకసారి సీలు డబ్బా కాకుండా డ్రమ్ములోంచి పట్టిన ఆయిల్ తెచ్చాడు. మా ఆయన మూత దగ్గర వాసన చూసి, "గిది ఏడిది?" అన్నాడు.

"మంచిదేనన్నా. లారీలోళ్లందరు గదే పోస్తున్నరు."

మా ఆయన డబ్బాను చేతిలో కాసేపు పట్టుకుని, తిరిగి ఇచ్చేశాడు. మునుపటి మనిషైతే ఆ డబ్బాను రోడ్డు మీదికి విసిరేసేవాడు.

ఇంజన్ పట్టేసింది ఎండాకాలంలో, మహబూబ్‌నగర్ నుంచి తిరిగి వస్తుండగా. బండిలో ఒక ముసలమ్మ, ఆమె కొడుకు ఉన్నారు. దవాఖాన నుంచి వస్తున్నారు. అప్పటికి చాలాసేపటి నుంచి ఎర్ర లైటు వెలుగుతోందట. మా ఆయనకు అది కనబడలేదు. కానీ చప్పుడు వినబడింది. ఇంజన్ లోపల ఎవరో చిన్న సుత్తితో కొడుతున్నట్టు.

"ఆపు," అన్నాడట. "పక్కకు దీసి ఆపు. కొట్టుకుంటాంది లోపల."

"ఇంకెంత దూరమన్నా, జడ్చర్ల వచ్చె. గీ ఎండల ముసలామెను ఏడ దించుదం?"

"లైటు ఎల్గుతాందా?"

"అది ఎప్పుడు ఎల్గుతనే ఉన్నది గదా."

ఆ మాటకు మా ఆయన అతని వైపు తిరిగాడట. ఎప్పుడూ వెలుగుతూనే ఉందా అని అడుగుదామనుకునే లోపల ఇంజన్ ఒక్కసారి కీచుమని ఆగిపోయింది. బండి కొంత దూరం తనంతట తాను దొర్లి నిలబడింది. ముసలమ్మ దిగి చెట్టు నీడలో కూచుని, "దీనికి ఏమైంది బిడ్డా?" అని అడిగిందట. "అయిపోయిందవ్వా," అన్నాడట మా ఆయన.

మెకానిక్ ఇంజన్ కింద ఆయిల్ పళ్లెం విప్పినప్పుడు నేనూ ఉన్నాను. సెలవు పెట్టి పోయాను. లోపల ఆయిల్ అనదగింది కొంచెమే ఉంది. మిగతాదంతా తారు లాంటి బురద. అందులో వెండి జరీ పొడి చల్లినట్టు సన్నటి మెరుపు.

"ఏం గనవడ్తాంది?" అని మా ఆయన నన్నే అడిగాడు.

చెప్పాలో వద్దో తేల్చుకోలేకపోయాను. మెకానిక్ నా వైపు చూశాడు.

"మెరుస్తాంది," అన్నాను.

ఆయన తల ఊపాడు. "ఆయిల్ మంచిది గాదా, తక్కువైందా?" అని మెకానిక్‌ను అడిగాడు.

మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు. "ఆయిల్ మంచిది గాదో, తక్కువైందో, ఇంజనే దాని దినం జూసుకున్నదో, ఇప్పుడు ఏది జెప్పినా ఒక్కటే కాకా. మంచి ఆయిల్ పోసినా ఇంకో ఏడాది ఎల్లుతుండె, గంతే. తెచ్చిన్నాడే అయిపోయిన ఇంజన్ గిది."

మెకానిక్ ఓదార్చడానికే అన్నాడు ఆ మాట. కానీ మా ఆయన ముఖం చూస్తే అది ఎక్కడ తగిలిందో నాకు తెలిసింది. అన్ని ఏండ్లు సీలు గీకి, వాసన చూసి, చుక్క చుక్క రాసి చూసి నిలబెట్టింది తెచ్చిన రోజే అయిపోయిన దాన్నన్నమాట. డ్రైవరు ఒక మూలన నిలబడి ఉన్నాడు. ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. కాసేపయ్యాక తనంతట తానే వెళ్లిపోయాడు.

బండి కొన్ని నెలలు షెడ్డు ముందే నిలబడింది. మెకానిక్ జాగా ఖాళీ చేయమన్నాడు. అట్లాంటి ఇంజన్ పాతది ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతికించాను. దొరికినవీ అంతంతే. చివరకు తుక్కు కొనేవాళ్లు లారీ తెచ్చారు. తీసుకుపోయే రోజు వస్తావా అని మా ఆయనను అడిగాను. "చూసేదేమున్నది?" అన్నాడు. అందులో ఎకసెక్కం లేదు. నేనొక్కదాన్నే పోయాను. గొలుసు కట్టి లారీ మీదికి లాగుతుంటే ఒక పక్క తలుపు ఊడి వచ్చింది. వాళ్లు దాన్ని పైకి విసిరేశారు. వాళ్లకు అది రోజూ చేసే పని.

ఆయన ఇప్పుడు ఎక్కువగా పడుకునే ఉంటాడు. చూపు వెలుగుకూ చీకటికీ తేడా తెలిసేంత మిగిలింది. కాలికి పుండు పడి మానడం లేదు. వారానికోసారి కట్టు మార్పించుకోవడానికి ఆటోలో పోతాం.

మొన్న ఆ ఆటో అతనే మా ఇంటికి వచ్చాడు. తన బండి పాతబడిందనీ, పొగ పెడుతోందనీ, ఏ ఆయిల్ పోస్తే కొన్నాళ్లు ఆగుతుందో చెప్పమనీ అడిగాడు. మా గల్లీలో అందరికీ తెలుసు, ఈ సంగతి మా ఆయనకంటే ఎక్కువ తెలిసినవాళ్లు లేరని. నేను లోపల బియ్యం ఏరుతున్నాను. చేయి ఆపి విన్నాను. ఎంతో కాలం తర్వాత ఎవరో ఆయనను ఒక మాట అడుగుతున్నారు. చిక్కటిది పోయమంటాడని, సీలు చూసుకోమంటాడని, కనీసం పొగ ఏ రంగులో ఉందని అడుగుతాడని ఎదురుచూశాను.

"నాకేం ఎర్క తమ్మీ," అన్నాడు. "డబ్బా మీద రాసి ఉంటది. సదువుకో."

ఆటో అతను, "సరే అన్నా," అని వెళ్లిపోయాడు. మా ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను బియ్యం ఏరడం పూర్తి చేసి, పొయ్యి మీద ఎసరు పెట్టి, రెండో షిఫ్టుకు తయారయ్యాను.